మీటరు ఎవరు రాయాలి? వర్చువల్ లోకంలో గృహ విద్యుత్ వినియోగం ఆధారంగా ప్రోగ్రామింగ్ బోధన: విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

ప్రోగ్రామింగ్‌ను కొత్తగా నేర్చుకునే విద్యార్థులకు త్రిమితీయ వర్చువల్ లోకంలో ఒక ఇంటిని అప్పగించి, అందులోని దీపాలు, ఫ్యాన్లు, ఫ్రిజ్, ఏసీల విద్యుత్ వినియోగాన్ని నియంత్రించే ప్రోగ్రాములు రాయించడం ఒక బోధనా పద్ధతి. సెకండ్ లైఫ్, ఓపెన్‌సిమ్యులేటర్ అనే రెండు వేదికలనూ, వాటిలో వాడే లిండెన్ స్క్రిప్టింగ్ భాషనూ ఆధారంగా చేసుకొని ఈ పద్ధతి బలాబలాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. స్విచ్చులను విద్యార్థి చేత రాయించి, మీటరును మాత్రం అధ్యాపకులే సిద్ధంగా అందించడం ఈ పద్ధతిలోని ప్రధాన లోపమని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: వర్చువల్ లోకం, ప్రోగ్రామింగ్ బోధన, సిమ్యులేషన్, గృహ విద్యుత్ వినియోగం, లిండెన్ స్క్రిప్టింగ్ భాష, ఓపెన్‌సిమ్యులేటర్.

1. ఉపోద్ఘాతం

ప్రోగ్రామింగ్ తొలి పాఠాలు చాలాకాలంగా అంకెల చుట్టూ తిరుగుతున్నాయి. ప్రధాన సంఖ్యలను వెతకడం, మార్కుల జాబితాను క్రమంలో పెట్టడం, ఫిబొనాచీ శ్రేణిని ముద్రించడం వంటివే మొదటి సెమిస్టరు అభ్యాసాలు. జవాబు సరైనదో కాదో తెరమీది అంకె తేలుస్తుంది. ఆ అంకెతో విద్యార్థికి ఏ సంబంధమూ ఉండదు. ఇంటి కరెంటు సంగతి అలా కాదు. లైటు ఆర్పకుండా గదిలోంచి బయటికి వచ్చినందుకు ఇంట్లో మాట పడని విద్యార్థి అరుదు. మీటరు గిర్రున తిరగడం, నెలాఖరుకు బిల్లు రావడం అందరి అనుభవంలోనివే. కాబట్టి ఇంటి విద్యుత్ వినియోగాన్ని ప్రోగ్రామింగ్ అభ్యాసంగా మలచాలన్న ఆలోచనకు మంచి పునాది ఉంది.

ఈ ఆలోచనకు వర్చువల్ లోకాలు చోటు కల్పించాయి. లిండెన్ ల్యాబ్ సంస్థ 2003లో సెకండ్ లైఫ్‌ను ప్రారంభించింది. అదే తరహాలో, ఎవరైనా తమ సొంత యంత్రం మీద నడుపుకోగల ఓపెన్‌సిమ్యులేటర్ 2007లో మొదలైంది. ఈ లోకాల్లో విద్యార్థి ఒక అవతార్ రూపంలో తిరుగుతాడు, గోడలు కడతాడు, దీపం పెడతాడు, ఆ దీపంలోపలే ప్రోగ్రాము రాస్తాడు. అభ్యాసం సాధారణంగా ఇలా ఉంటుంది: గదిలో ఎవరూ లేనప్పుడు దీపం ఆరిపోవాలి, ఏసీ నిర్ణీత ఉష్ణోగ్రత దగ్గర ఆగాలి, గోడమీది మీటరు మొత్తం వినియోగాన్ని చూపాలి, ఆ మొత్తం వీలైనంత తగ్గాలి.

పారిభాషిక పదం గురించి ఒక మాట. వర్చువల్‌కు 'మిథ్య' అన్న అనువాదం తెలుగులో వాడుకలో ఉంది. మిథ్య అంటే అబద్ధమని అర్థం చేసుకునేవారికి ఆ పదం రుచించదు. అద్వైత పరిభాషలో మాత్రం మిథ్య సత్తూ కాదు, అసత్తూ కాదు. ఆ అర్థంలో తీసుకుంటే ఈ ఇంటికి అంతకంటే తగిన మాట దొరకదు. దీపం నిజం కాదు, కానీ అందులోని ప్రోగ్రాము నిజం, ప్రోగ్రాములోని తప్పూ నిజమే. అయినా తరగతి గదిలో వినిపించే మాట గనక ఈ వ్యాసంలో 'వర్చువల్' అన్న పదాన్నే వాడుతున్నాను.

2. తాబేలు నుంచి ఇంటికి

చిన్న లోకాన్ని సృష్టించి అందులో ప్రోగ్రామింగ్ నేర్పడం కొత్త కాదు. సేమర్ పాపర్ట్, వాలీ ఫర్జీగ్, సింథియా సోలమన్‌లు 1967లో రూపొందించిన లోగో భాష ఈ సంప్రదాయానికి ఆద్యం. ఆ భాషలో తర్వాత ప్రసిద్ధమైన తాబేలును నడిపించే పిల్లవాడు తానే తాబేలైతే ఎటు తిరుగుతాడో ఊహించుకొని ఆజ్ఞలు రాస్తాడు. జ్యామితిని శరీరంతో అనుభవించి నేర్చుకునే ఈ తీరును పాపర్ట్ 1980లో వెలువడిన 'మైండ్‌స్టార్మ్స్' గ్రంథంలో వివరించాడు. ఆ మరుసటి ఏడాది రిచర్డ్ పాటిస్ పరిచయం చేసిన కారెల్ అనే రోబో కూడా ఈ కోవలోదే.

ఇంటిని వీటికి కేవలం త్రిమితీయ కొనసాగింపుగా చూడడం పొరపాటు. తాబేలు ఆజ్ఞ కోసం ఎదురుచూస్తుంది. ఆజ్ఞలు అయిపోతే ఆగిపోతుంది, దానితోపాటు దాని లోకమూ ఆగిపోతుంది. ఇల్లు ఆగదు. విద్యార్థి ఏమీ చేయకుండా కూర్చున్నా ఫ్రిజ్ నడుస్తూనే ఉంటుంది, మీటరు తిరుగుతూనే ఉంటుంది. మొదలై, లెక్క చేసి, జవాబిచ్చి ముగిసే ప్రోగ్రాముకు అలవాటుపడిన విద్యార్థికి, ముగింపే లేని ప్రోగ్రాము ఇక్కడ మొదటిసారి ఎదురవుతుంది. నిత్యజీవితంలో మనచుట్టూ ఉన్న ప్రోగ్రాముల్లో ఎక్కువభాగం, లిఫ్టు మొదలుకొని బ్యాంకు సర్వరు దాకా, ఈ రెండో జాతికి చెందినవే. ఈ పద్ధతిలోని అసలైన బలం ఇదేనని నా అభిప్రాయం. రంగులూ అవతార్‌లూ ఆ తర్వాతి మాట.

లిండెన్ స్క్రిప్టింగ్ భాష నిర్మాణం ఈ బలానికి తోడ్పడుతుంది. అందులో ప్రతి ప్రోగ్రామూ కొన్ని స్థితుల సముదాయం. దీపానికి 'వెలిగిన స్థితి', 'ఆరిన స్థితి' అని రెండుంటాయి. తాకడం, మాట వినబడడం, గడియారం మోగడం వంటి సంఘటన జరిగినప్పుడు ఏం చేయాలో ఒక్కో స్థితిలో విడివిడిగా రాయాలి. ఈ క్రమంలో విద్యార్థి చేసే తప్పులు కూడా విలువైనవే. ఉదాహరణకు, ఒక స్థితి నుంచి మరో స్థితికి మారగానే అంతకుముందు 'వినడానికి' చేసుకున్న ఏర్పాట్లన్నీ రద్దవుతాయి. దీపం వెలిగిందిగానీ, 'ఆరిపో' అన్న ఆజ్ఞ దానికి వినబడడం లేదని విద్యార్థి తెల్లబోతాడు. కొత్త స్థితిలో మళ్లీ వినడం మొదలుపెట్టాలని అతనికి అప్పుడు తెలుస్తుంది. అలాగే 'గదిలో మనిషి ఉన్నాడా' అని చూసే సెన్సరు గోడలను పట్టించుకోదు. దానికి తెలిసింది దూరం మాత్రమే. పక్కగదిలోనో మేడమీదో ఉన్న అవతార్‌ను చూసి ఈ గది దీపం వెలుగుతూనే ఉంటుంది. 'గది' అన్న భావన మన మనసులో ఉన్నదే తప్ప ప్రోగ్రాములో లేదని ఇంతకంటే బాగా చెప్పే పాఠం నాకు తెలియదు.

3. విద్యుత్తు లేని లోకం

ఇక అసలు సమస్యకు వద్దాం. ఈ లోకాల్లో గురుత్వాకర్షణ ఉంది. వస్తువును వదిలితే కింద పడుతుంది, తోస్తే దొర్లుతుంది. ఆ పని భౌతిక ఇంజను చూసుకుంటుంది. విద్యుత్తు మాత్రం లేదు. దీపానికి వెలుగు లక్షణాన్ని ఇస్తే అది వెలుగుతుంది, ఏ ఖర్చూ లేకుండా ఎన్నాళ్లయినా వెలుగుతుంది. భాషలో 'ఎల్‌ఎల్‌గెట్‌ఎనర్జీ' అనే ఫంక్షన్ ఒకటి ఉన్న మాట నిజమే. అది ఒక వస్తువు ఇతర వస్తువులను తోయడానికి మిగిలి ఉన్న సత్తువను చెబుతుందే తప్ప, దానికీ వాట్లకూ సంబంధం లేదు. పేరు చూసి మోసపోయే విద్యార్థి తప్పక ఉంటాడు కాబట్టి ముందే హెచ్చరించడం మంచిది.

అంటే గోడమీది మీటరు చూపే ప్రతి అంకె ఎవరో ఒకరు రాసిన ప్రోగ్రాము ఫలితమే. పడిపోయే వస్తువు వేగాన్ని లోకం నిర్ణయిస్తుంది, మీటరు రీడింగును రచయిత నిర్ణయిస్తాడు. తరగతి గదిలో ఆ రచయిత సాధారణంగా అధ్యాపకుడే. ముందే తయారైన మీటరు, ముందే వాట్లు నింపిన ఉపకరణాలు విద్యార్థికి అందుతాయి. అతను స్విచ్చులను నియంత్రించే నాలుగు 'ఇఫ్' వాక్యాలు రాస్తాడు. అంకె తగ్గుతుంది, మార్కులు వస్తాయి. ఆ అంకె ఎలా పుట్టిందో అతనికి తెలియదు. తెలుసుకోవలసిన అవసరాన్ని అభ్యాసం కల్పించలేదు కూడా.

సిమ్యులేషన్ల విషయంలో ఈ ప్రమాదాన్ని షెర్రీ టర్కిల్ 1990లలోనే గుర్తించారు. 1989లో వచ్చిన సింసిటీ ఆటలో నగరాన్ని పాలించిన ఒక బడి విద్యార్థిని, పన్నులు పెంచితే అల్లర్లు తప్పవన్నది ఒక నియమమని గ్రహించింది. ఆ ఆటలో అది నిజమే. కానీ అది ఆట రాసినవారి ఊహ అనీ, మరొకరు రాస్తే మరోలా ఉండవచ్చనీ ఆమెకు తట్టలేదు. ఆటగాళ్లకైతే సరిపెట్టుకోవచ్చు. ప్రోగ్రామింగ్ విద్యార్థికి ఆ మినహాయింపు ఇవ్వలేం. లోపలి లెక్కను తెరిచి చూడడమే అతను నేర్చుకోవడానికి వచ్చిన విద్య.

4. మీటరు రాసే విద్యార్థికి ఏం ఎదురవుతుంది?

మీటరును విద్యార్థి చేతే రాయిస్తే అభ్యాసం స్వరూపమే మారిపోతుంది. మొదటి ప్రయత్నంలోనే 60 వాట్ల బల్బు ఎన్ని గంటలు వెలిగినా మీటరు సున్నా దగ్గరే ఉండిపోవచ్చు. వాట్లను కిలోవాట్లుగా మార్చడానికి 60ని 1000తో భాగించి ఉంటాడు. రెండూ పూర్ణసంఖ్యలైతే ఈ భాషలో ఫలితమూ పూర్ణసంఖ్యే, అంటే సున్నా. పూర్ణసంఖ్యల భాగహారం గురించి నల్లబల్ల మీద ఎన్నిసార్లు చెప్పినా అంటని సంగతి, వెలుగుతున్న దీపం కింద కదలని మీటరును చూసినప్పుడు అంటుతుంది.

ఆ తర్వాత కాలం. సెకండ్ లైఫ్‌లో ఒక రోజు నిడివి సాధారణంగా 4 గంటలు. అందులో 3 గంటలు పగలు, ఒక గంట రాత్రి. ఫ్రిజ్ రోజంతా వాడే కరెంటును లెక్కించాలంటే ఏ రోజు? సూర్యుడి ప్రకారం పోవాలా, గడియారం ప్రకారం పోవాలా? కాలాన్ని ఆరు రెట్లు చేద్దామనుకుంటే ఆ నిర్ణయం ప్రోగ్రాములో ఎక్కడో ఒకచోట రాయక తప్పదు. కిలోవాట్‌కూ కిలోవాట్-గంటకూ తేడా తెలియని విద్యార్థి ఇక్కడ ముందుకు కదలలేడు.

అంతకంటే ఆసక్తికరమైనది గడియారం చేసే మోసం. సెకనుకొకసారి మోగే టైమరు పెట్టి, మోగినప్పుడల్లా ఒక సెకను వినియోగాన్ని కలుపుకుంటూ పోవడం ఎవరికైనా మొదట తోచే మార్గం. అయితే ఒక ప్రాంతంలో అవతార్‌లూ స్క్రిప్టులూ ఎక్కువైతే ఆ ప్రాంతం నెమ్మదిస్తుంది. టైమరు ఆలస్యంగా మోగుతుంది, మీటరు తక్కువ చూపుతుంది. నలభైమంది విద్యార్థులు ఒకే ప్రాంతంలో ఇళ్లు కట్టుకుంటే అందరి బిల్లులూ తగ్గుతాయి. వాటిని చూసి 'మా తరగతి ఇంత విద్యుత్తు ఆదా చేసింది' అని నివేదిక రాసే అవకాశమూ ఉంది! సరైన మార్గం ఏమిటంటే, దీపం వెలిగిన క్షణాన్నీ ఆరిన క్షణాన్నీ అసలు గడియారంలో చూసి, తేడాను వాట్లతో గుణించడం. మోగిన టైమర్లను లెక్కపెట్టడానికీ, గడిచిన కాలాన్ని కొలవడానికీ మధ్య ఉన్న ఈ తేడా ఆపరేటింగ్ సిస్టమ్స్ పాఠంలో ఎప్పుడో రావలసింది. ఇక్కడ అది మొదటి సెమిస్టరులోనే, ఒక తప్పుడు బిల్లు రూపంలో వస్తుంది.

దశాంశ సంఖ్యల సంగతి మరీ విచిత్రం. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు ఒక సెకనుకు వాడేది 0.0000025 యూనిట్. సెకండ్ లైఫ్‌లో దశాంశ సంఖ్యకు 32 బిట్ల చోటే ఉంటుంది. ఆ చోటులో 64 దాటిన సంఖ్యల మధ్య కనీస ఎడం సుమారు 0.0000076. కలపవలసిన మొత్తం అందులో సగానికన్నా తక్కువైతే అది కలవనే కలవదు. కాబట్టి ఇంటి మొత్తం రీడింగు 64 యూనిట్లు దాటాక, సెకనుకొకసారి కలిపే పద్ధతిలో ఆ బల్బు మీటరుకు కనబడకుండా పోతుంది. 32కూ 64కూ మధ్యనైతే అదే బల్బు ఒకటిన్నర రెట్లు ఎక్కువ చూపుతుంది. ఓపెన్‌సిమ్యులేటర్‌లో అదే ప్రోగ్రాముకు ఈ జబ్బు లేదు, అక్కడ దశాంశ సంఖ్యలకు 64 బిట్లు వాడతారు. ఒకే ప్రోగ్రాము, ఒకే ఇల్లు, రెండు లోకాలు, రెండు బిల్లులు. పోనీ దశాంశాలే వద్దని వాట్-సెకన్లను పూర్ణసంఖ్యలో దాచుకుంటే 214 కోట్ల పైచిలుకు దగ్గర 32 బిట్ల పూర్ణసంఖ్య నిండిపోతుంది. యూనిట్లలో అది సుమారు 596. రెండు ఏసీలున్న ఇంటికి వేసవిలో అది ఒక నెల వాడకమే.

ఉపకరణాలు మీటరుతో మాట్లాడడంలోనూ ఇటువంటి చిక్కులున్నాయి. మామూలు గొంతుతో పలికిన సందేశం 20 మీటర్ల వరకే వినబడుతుంది. పెరట్లోని మోటారు 25 మీటర్ల దూరంలో ఉంటే అది ఉచితంగా నడుస్తుంది. ఈ పట్టికను ఇంకా పొడిగించవచ్చుగానీ అవసరం లేదు. స్విచ్చు రాసిన విద్యార్థికి వీటిలో ఒక్కటీ ఎదురుకాదు.

5. చీకటి ఇల్లు

'వినియోగం వీలైనంత తగ్గాలి' అన్న నియమానికి తార్కికమైన పరాకాష్ఠ ఒకటుంది. అన్నీ ఆర్పేయడం! తెలివైన విద్యార్థి ఒకే వాక్యంతో ఫ్రిజ్‌తో సహా అన్నింటినీ ఆపి తరగతిలో మొదటి స్థానం పొందగలడు. వర్చువల్ ఫ్రిజ్‌లో పాలు విరగవు. అవతార్‌కు చెమట పట్టదు. ఆ విద్యార్థిని అల్లరివాడని మందలించడం అన్యాయం, అభ్యాసం అడిగిన ప్రశ్నకు అతనిచ్చింది సరైన జవాబు. లోపం ప్రశ్నలో ఉంది. ఇంట్లో మనుషులకు కావలసిన వెలుగు, చల్లదనం, నిల్వ వంటివి కూడా విలువలుగా ప్రోగ్రాములోకి రావాలి. ఫ్రిజ్ లోపలి ఉష్ణోగ్రత కరెంటు ఆగితే ఎంత త్వరగా పెరుగుతుందో విద్యార్థి రాయాలి. ఏసీ 24 డిగ్రీల దగ్గర ఆగి, తిరిగి ఎక్కడ మొదలవాలో నిర్ణయించాలి. ఆగే బిందువూ మొదలయ్యే బిందువూ ఒకటే అయితే కంప్రెసరు క్షణక్షణం ఆగి మొదలవుతుందని అతను తన కళ్లతో చూడాలి.

ఆ మనుషులు ఎవరన్నది తర్వాతి ప్రశ్న. పాశ్చాత్య దేశాల పాఠ్యసామగ్రిలో ఇల్లు అంటే సాధారణంగా మూసిన తలుపులు, థర్మోస్టాట్, చలికాలపు హీటింగు. మన విద్యార్థి ఇంట్లో తలుపులు తీసే ఉంటాయి, రోజంతా తిరిగేది సీలింగ్ ఫ్యాను. ఫ్యాను రెగ్యులేటరే ఒక పాఠం. పాత నిరోధక రెగ్యులేటరులో వేగం తగ్గించినప్పుడు ఆదా కావలసిన కరెంటులో కొంత రెగ్యులేటరులోనే వేడిగా పోతుంది, ఎలక్ట్రానిక్ రెగ్యులేటరులో ఆ నష్టం చాలా తక్కువ. వేగం సగమైతే వాట్లూ సగమని రాసిన ప్రోగ్రాము రెండింటి విషయంలోనూ తప్పే. కరెంటు పోవడం కూడా మన ఇంట్లో ఒక సంఘటనే. అది ఏ క్షణాన జరిగినా అప్పటిదాకా పోగైన రీడింగు చెరిగిపోకూడదు.

బిల్లు దగ్గరికి వస్తే మన విధానం ప్రోగ్రామింగ్‌కు మరింత అనుకూలం. తెలంగాణలో 2022-23 టారిఫ్ ప్రకారం నెలకు 100 యూనిట్ల లోపు వాడిన ఇంటికి మొదటి 50 యూనిట్లు ఒక్కొక్కటి రూ. 1.95, తర్వాతి 50 రూ. 3.10. వాడకం 100 దాటి 200 లోపు ఉంటే మొదటి వంద యూనిట్ల ధర కూడా మారి రూ. 3.40 అవుతుంది, ఆపైన రూ. 4.80. స్థిర చార్జీలు కలపకుండా చూస్తే 100 యూనిట్లకు రూ. 252.50, 101 యూనిట్లకు రూ. 344.80. ఆ ఒక్క యూనిట్ ఖరీదు రూ. 92.30 అన్నమాట. శ్లాబులంటే మెట్లు ఎక్కుతూ పోవడమేనని భావించి, ఒకదాని తర్వాత ఒకటిగా 'ఇఫ్' వాక్యాలు పేర్చిన విద్యార్థి ప్రోగ్రాము 100 వరకు సరిగ్గా పనిచేసి 101 దగ్గర తప్పుతుంది. 2024లో మొదలైన గృహజ్యోతి పథకంతో అర్హులైన కుటుంబాలకు 200 యూనిట్ల దగ్గర మరో గట్టు ఏర్పడింది. ఇటువంటి ఇంటికి కావలసింది 'తగ్గించు' అనే ప్రోగ్రాము కాదు. నెలలో ఎన్ని రోజులు మిగిలాయో, గట్టు ఎంత దూరంలో ఉందో చూసి చెప్పే ప్రోగ్రాము కావాలి. అది రాయడం కష్టం, రాయదగినది కూడా అదే.

6. ఇంటి బయట లెక్క

వర్చువల్ ఇంట్లో విద్యుత్తు లేదన్నానుగానీ, ఆ ఇంటిని నడిపే సర్వరులో ఉంది. 2006 డిసెంబరులో నికొలస్ కార్ ఒక అంచనా వేశాడు. సెకండ్ లైఫ్ సర్వర్లు, వాడుకదారుల కంప్యూటర్లు కలిపి, ఒక్కో క్రియాశీల అవతార్‌కు ఏడాదికి 1,752 యూనిట్లు ఖర్చవుతున్నాయనీ, అది ఒక సగటు బ్రెజిల్ పౌరుడి వాడకానికి దరిదాపుల్లో ఉందనీ ఆయన తేల్చాడు. ఆ లెక్కలోని ఊహలపై అప్పట్లోనే వాదాలు నడిచాయి, నేటి యంత్రాలకు ఆ అంకె వర్తించదు. అయినా విద్యుత్ పొదుపు పేరిట ఈ పద్ధతిని సమర్థించేవారు ఆ దిశగా ఒక్కసారైనా లెక్క వేసుకోవాలి. ల్యాబులోని కంప్యూటర్ల వాట్లను కొలిచి, వాటిని అదే వర్చువల్ మీటరుకు కలపమని విద్యార్థిని అడగడం అసాధ్యమేమీ కాదు.

వేదిక ఎంపిక విషయంలో నా మొగ్గు ఓపెన్‌సిమ్యులేటర్ వైపే. 2010లో లిండెన్ ల్యాబ్ విద్యాసంస్థలకిచ్చే ధర రాయితీని ఎత్తివేస్తున్నట్టు ప్రకటించినప్పుడు సెకండ్ లైఫ్‌లో భవనాలు కట్టుకున్న కళాశాలలు ఇబ్బందిపడ్డాయి, పలు సంస్థలు ఓపెన్‌సిమ్యులేటర్‌కు తరలాయి. 2013లో రాయితీని పునరుద్ధరించినా, అద్దె నేల మీద పాఠ్యప్రణాళికను కట్టకూడదన్న సంగతి అప్పటికే తేలిపోయింది. కళాశాల సొంత యంత్రం మీద నడిచే లోకంలో విద్యార్థి పని నాలుగేళ్ల తర్వాత కూడా తెరిచి చూడవచ్చు. అయితే గ్రాఫిక్స్ సామర్థ్యం లేని పాత కంప్యూటర్ల ల్యాబులో నడవడం, తిరగడం, తలుపు తీయడం నేర్చుకోవడానికే రెండు తరగతులు పడతాయి. ఆ సమయం ఎక్కడి నుంచి వస్తుందో పాఠ్యప్రణాళిక రాసేవారు ముందే చెప్పాలి.

మూల్యాంకనంలో మార్పు అన్నింటికన్నా ముందు రావాలి. 'ఎవరి ఇల్లు తక్కువ వాడింది' అన్న పోటీని తీసివేసి, రెండు మీటర్లున్న ఒకే ఇంటిని పరీక్షలో ఇవ్వవచ్చు. రెండూ అవే దీపాలను, అవే ఫ్యాన్లను లెక్కిస్తాయి. ఫ్యాన్లన్నీ ఆపేసి, 9 వాట్ల బల్బులు మాత్రమే వెలుగుతున్న రాత్రివేళ ఒక మీటరు 64 దాటిన చోట కదలకుండా నిలబడి ఉంటుంది, రెండోది నడుస్తూ ఉంటుంది. రెండు ప్రోగ్రాములనూ విద్యార్థి ముందు తెరిచిపెట్టి, ఏ మీటరు ప్రకారం బిల్లు కట్టాలో, ఎందుకో రాయమనాలి.